బోర్డు మీద 60, బండిలోకి 28

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లలో ఈమధ్య పచ్చ నంబరు ప్లేట్లు కూడా బాగానే కనిపిస్తున్నాయి. అలాంటి ఎలక్ట్రిక్ కారులో ఊరికి బయలుదేరిన కుటుంబం ఒకటి సూర్యాపేట దాటాక హోటల్ ఆవరణలో చార్జింగ్ స్టేషన్ చూసి ఆగిందనుకుందాం. బోర్డు మీద 60 కిలోవాట్లని పెద్దక్షరాలతో రాసి ఉంది. కారు కొన్న రోజు షోరూంలో చెప్పిందీ 60 కిలోవాట్లే. లెక్క కుదిరిందని చార్జర్ కేబుల్ చివర ఉండే గన్ కారుకు తగిలించి, అందరూ టిఫిన్‌కు కూర్చున్నారు. అరగంట తర్వాత వచ్చి చూస్తే చార్జర్ తెర మీద 28 అని కనిపిస్తోంది. ఎక్కుతుందనుకున్న దాంట్లో సగం కూడా ఎక్కలేదు.

కారులో లోపమా? చార్జర్ పాడైందా? రెండూ కాదు. అదే చార్జర్ రెండో గన్‌కు ఇంకో కారు తగిలించి ఉంది.

పబ్లిక్ చార్జింగ్ మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇలాంటి చిన్న విషయమే. బోర్డు మీద రాసిన అంకె ఆ చార్జర్ ఇవ్వగలిగినంతలో గరిష్ఠం. కారులోకి నిజంగా ఎంత వస్తుందన్నది కారు, గన్, పక్క కారు, బ్యాటరీలో మిగిలిన శాతం, ఆ రోజు వాతావరణం కలిసి తేలుస్తాయి. వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ దగ్గర ఆగితే వేగం అక్కడే ఆగిపోతుంది.

ముందు రెండు మాటలు విడదీసుకోవాలి. యూనిట్ అంటే ఎంత కరెంటు అన్న లెక్క. కిలోవాట్ అంటే అది ఎంత జోరుగా వస్తోందన్న లెక్క. కుళాయి కింద బిందె పెడితే బిందెలో చేరిన నీళ్ళు యూనిట్లు, కుళాయి ధార కిలోవాట్లు. 45 యూనిట్లు పట్టే బ్యాటరీని ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే వచ్చే ధార 3.3 కిలోవాట్లే. మధ్యలో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి దాదాపు 15 గంటలు పడుతుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ ఉంటే ఆ పని ఒక రాత్రిలో అయిపోతుంది.

ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీ తీసుకునేది డీసీ. ఇంట్లో చార్జింగ్ పెట్టినప్పుడు ఏసీని డీసీగా మార్చేది కారులోనే ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్. మన రోడ్ల మీది చాలా కార్లలో దాని సత్తా 3.3 లేదా 7.2 కిలోవాట్లు. రోడ్డు పక్కన బీరువా అంత ఎత్తున నిలబడే ఫాస్ట్ చార్జర్ ఆ మార్పిడిని తనలోనే చేసుకుని, డీసీని నేరుగా బ్యాటరీకి పంపిస్తుంది. అందుకే దానికి అంత జోరు. ఈ తేడా తెలియక చాలామంది షాపింగ్ మాల్ పార్కింగ్‌లో 22 కిలోవాట్ల ఏసీ పాయింట్ చూసి, గంటలో పని అయిపోతుందని ఆశపడతారు. కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ 7.2 కిలోవాట్లదైతే ఆ పాయింట్ నుంచి కూడా అంతకు మించి రాదు. ప్రయాణం మధ్యలో వేగం కావాలంటే యాప్‌లో వెతకాల్సింది డీసీ, అందులోనూ సీసీఎస్2 అని రాసి ఉన్న గన్.

ఇక సూర్యాపేట సంగతి. ఒకే బోరు మోటారు నీళ్ళను రెండు మళ్ళకు మళ్ళిస్తే ఒక్కో మడికి పారేది సగమే. రెండు గన్ల 60 కిలోవాట్ల చార్జర్ కూడా చాలాచోట్ల అలాగే పనిచేస్తుంది. ఒక్క కారు ఉంటే 60, రెండో కారు వచ్చిందంటే చెరి 30. కొన్ని పెద్ద చార్జర్లు ఏ కారు ఎంత అడుగుతోందో చూసి పంచుతాయి. చిన్నవి నికరంగా సగానికి కోసేస్తాయి. స్టేషన్‌లో రెండు చార్జర్లు పక్కపక్కనే ఉన్నప్పుడు, ఒక గన్ ఖాళీగా ఉన్నదాని కన్నా రెండు గన్లూ ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటే ఒక్కోసారి వేగం రెట్టింపవుతుంది. రూపాయి ఖర్చు లేని ఉపాయం ఇది. దీన్ని షోరూంలోనే, కారు తాళం చేతికి ఇచ్చేటప్పుడే చెప్పాలి.

తర్వాతి హద్దు కారుదే. ఏ కారైనా తనకు చేతనైనంతే తీసుకుంటుంది. 2020 జనవరిలో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది, ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతానికి చేరడానికి గంట పడుతుందని కంపెనీయే చెప్పింది. 2024లో వచ్చిన 38 యూనిట్ల ఎంజీ విండ్సర్ 45 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్‌కు 50 కిలోవాట్ల చార్జర్ మీద 10 నుంచి 80 శాతానికి 58 నిమిషాలని హ్యుందాయ్ లెక్క. వచ్చిన మార్పును చూడాలంటే 2024 నవంబరులో మహీంద్రా విడుదల చేసిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లు మంచి ఉదాహరణ. వాటిలో 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న రకం 175 కిలోవాట్లు, 59 యూనిట్ల రకం 140 కిలోవాట్లు తీసుకోగలవు. తగిన చార్జర్ దొరికితే 20 నుంచి 80 శాతానికి 20 నిమిషాలు చాలంటుంది కంపెనీ.

ఆ రెండు రకాలకూ నిమిషాలు ఒక్కటే, కిలోవాట్లు వేరు. పెద్ద బ్యాటరీలో ఎక్కువ కరెంటును పంచుకోవడానికి చోటుంది, చిన్నదాంట్లో అంత లేదు. కాబట్టి చిన్న కారు యజమాని పక్క కారు తెర మీద 120 చూసి బాధపడనక్కర్లేదు. తన బ్యాటరీకి తగిన జోరు తనకు వస్తోందా అన్నదే చూసుకోవాలి. 45 కిలోవాట్ల కారును 240 కిలోవాట్ల చార్జర్‌కు తగిలించినా వచ్చేది 45 లోపే. పెద్ద చార్జర్‌కు యూనిట్ ధర ఎక్కువ పెట్టే స్టేషన్లూ ఉన్నాయి. అలాంటిచోట పక్కనే 60 కిలోవాట్లది ఖాళీగా ఉంటే దాన్ని వాడుకుంటే డబ్బు మిగులుతుంది, పెద్ద గన్ అవసరమైన కారుకు దారి దొరుకుతుంది.

ఇంకో లెక్క చాలామంది దృష్టికి రాదు. కిలోవాట్లంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది. గన్ కేబుల్ ఎన్ని ఆంపియర్లు మోయగలదో దానికో హద్దు ఉంటుంది. 320 వోల్టుల బ్యాటరీ ఉన్న కారుకు 125 ఆంపియర్ల హద్దున్న గన్ తగిలిస్తే వచ్చేది 40 కిలోవాట్లు, చార్జర్ మీద 60 అని రాసి ఉన్నా సరే. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటి కార్లు ఈ చిక్కును వోల్టేజీ పెంచి దాటాయి. వాటి బ్యాటరీ వ్యవస్థ 800 వోల్టుల తరగతిది. అవే ఆంపియర్లతో రెట్టింపు శక్తి లోపలికి వెళ్తుంది. 350 కిలోవాట్ల చార్జర్ దొరికితే 10 నుంచి 80 శాతానికి 18 నిమిషాలు చాలు. అంత పెద్ద చార్జర్లు మన రహదారుల మీద ఇంకా అరుదు.

అన్నీ సరిపోయినా, చివరికి వచ్చేసరికి వేగం తగ్గక తప్పదు. దానికి కారణం బ్యాటరీ లోపల ఉంది.

లిథియం బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు నుంచి బయలుదేరి, రెండోవైపున గ్రాఫైట్ పొరల మధ్యకు చేరి సర్దుకుంటాయి. డిపోలో ఖాళీగా నిలబెట్టిన పల్లెవెలుగు బస్సును తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తలుపు తీయగానే మొదటి 20 మంది ఎక్కి కూర్చోవడానికి నిమిషం పట్టదు. సీట్లన్నీ నిండుతున్నకొద్దీ ఎక్కేవాళ్ళు ఖాళీ వెతుక్కుంటూ, జరగమంటూ నెమ్మదిగా లోపలికి వెళ్ళాలి. అప్పుడు కూడా వెనక నుంచి అదే జోరుతో తోస్తే తొక్కిసలాటే. బ్యాటరీలోనూ అంతే. గ్రాఫైట్ నిండే దశలో కరెంటును అదే జోరుతో తోస్తే, లోపలికి వెళ్ళలేని లిథియం పైపొర మీదే లోహంగా పేరుకుపోతుంది. అలా పేరుకున్నదాంట్లో కొంత మళ్ళీ పనికిరాదు. బ్యాటరీ సత్తా తగ్గుతుంది. మరీ ముదిరితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే కారులోని బ్యాటరీ మేనేజ్‌మెంట్ వ్యవస్థ శాతం పెరుగుతున్నకొద్దీ చార్జర్‌ను తగ్గించమని అడుగుతుంది. బిందె నిండవస్తుంటే కుళాయి తగ్గించినట్టు.

80 శాతం దగ్గర గన్ తీసేయమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. చాలా కార్లలో 80 నుంచి 100కు పట్టే సమయం 20 నుంచి 80కి పట్టిన సమయానికి దగ్గరగా వస్తుంది. ఆ చివరి 20 శాతం కోసం కూర్చునే అరగంటలో కారు 40 కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలను అప్పుడప్పుడు 100 దాకా నింపమని కంపెనీలు చెబుతాయి, మిగిలిన శాతాన్ని కారు సరిగ్గా లెక్కకట్టడానికి. ఆ పని ఇంట్లో రాత్రిపూట నెమ్మదిగా జరిగేది. పండగ రద్దీలో, వెనక నలుగురు ఎదురుచూస్తుండగా రహదారి మీద చేసేది కాదు.

వాతావరణం సంగతి తెలుగు నేల మీద రెండు రకాలుగా ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో లంబసింగి మంచు చూడడానికి వెళ్ళేవాళ్ళు రాత్రంతా కారును బయట చలిలో నిలిపి, తెల్లారగానే చార్జింగ్ పెట్టాలనుకుంటారు. చల్లబడిన బ్యాటరీలో అయాన్లు మెల్లగా కదులుతాయి. కారు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది. ముందురోజు సాయంత్రం ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టుకుంటే ఆ ఆలస్యం తప్పుతుంది. ఇదే ఇబ్బంది పెద్ద ఎత్తున కనిపించింది 2024 జనవరిలో, అమెరికాలోని షికాగోలో. గడ్డకట్టే చలిలో ఎలక్ట్రిక్ కార్లు చార్జింగ్ స్టేషన్ల ముందు గంటలకొద్దీ నిలబడిపోయాయి. ఆ దేశంలో ఉన్న తెలుగు కుటుంబాలు చలికాలంలో చేసే పని ఒకటుంది. వెళ్ళబోయే చార్జింగ్ స్టేషన్‌ను కారు మ్యాప్‌లోనే గమ్యంగా పెడతారు. అప్పుడు కారు దారిలోనే బ్యాటరీని వెచ్చబరుచుకుంటుంది. ఈ ఏర్పాటు మనదేశంలో అమ్ముతున్న కొన్ని కార్లలోనూ ఉంది.

మనకు ఎక్కువ నెలలు ఎదురయ్యేది మాత్రం ఎండే. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో రెండు గంటలు 110 వేగంతో నడిపి, ఆ వెంటనే ఫాస్ట్ చార్జర్ తగిలిస్తే అప్పటికే కాగిన బ్యాటరీలోకి ఇంకా వేడి చేరుతుంది. కారు కూలింగ్ వ్యవస్థ హోరుమని తిరగడం బయటికే వినిపిస్తుంది. అది సరిపోకపోతే కారు కిలోవాట్లు తగ్గిస్తుంది. ఎండలో నిలబెట్టిన చార్జర్ కూడా లోపల వేడెక్కితే తన వంతు తగ్గించుకుంటుంది. నీడ ఉన్న స్టేషన్ ఎంచుకోవడం, చివరి 20 కిలోమీటర్లు 80 వేగానికి తగ్గి నడపడం, వీలుంటే మిట్టమధ్యాహ్నం కాకుండా ఉదయమో సాయంత్రమో చార్జింగ్ పడేలా బయలుదేరడం: ఇవి చేసినవాళ్ళకు తేడా తెర మీదే కనబడుతుంది.

ఇప్పుడు ఆ సంక్రాంతి ప్రయాణాన్నే మళ్ళీ లెక్క వేద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల బ్యాటరీ, కిలోమీటరుకు 150 వాట్ అవర్ల (0.15 యూనిట్) ఖర్చు అనుకుంటే ఇంటి నుంచి 100 శాతంతో బయలుదేరిన కారు 130 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేట చేరేసరికి ఇంకా 55 శాతం పైనే మిగిలి ఉంటుంది. అక్కడ అందరితోపాటు వరుసలో నిలబడి, పంచుకున్న గన్‌తో నింపుకోవాల్సిన అవసరం ఏముంది? 225 కిలోమీటర్ల దగ్గర నందిగామకు వచ్చేసరికి పావువంతు మిగులుతుంది. అప్పుడు బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది, జోరుగా తీసుకుంటుంది. 50 కిలోవాట్లు నిలకడగా వస్తే 20 నిమిషాల్లో 16 యూనిట్లు ఎక్కుతాయి. విజయవాడ చేరి, ఊళ్ళో చుట్టాల ఇళ్ళు తిరగడానికీ అది చాలు. టిఫిన్ సూర్యాపేటలోనే తినొచ్చు. కారుకు మాత్రం నందిగామలో పెట్టాలి. 30 యూనిట్ల పాత కారైతే లెక్క వేరు, దానికి కోదాడ దాటకముందే కావాలి. ఎవరి కారు లెక్క వాళ్ళు ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే, ఆగే చోటు అదే తేలుతుంది. అయితే చేరబోయే స్టేషన్ పనిచేయకపోతే ఇంకో స్టేషన్‌కు వెళ్ళేంత చార్జి, కనీసం 15 శాతమైనా చేతిలో ఉంచుకోవాలి.

సమయం తినేసే చిన్న విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్. స్టేషన్‌కు వెళ్ళాక, సిగ్నల్ సరిగా లేనిచోట యాప్ దించుకుని, ఓటీపీ కోసం చూసి, వాలెట్‌లో డబ్బు వేసేసరికి పది నిమిషాలు పోతాయి. దారిలో ఏయే కంపెనీల స్టేషన్లున్నాయో చూసి ఆ పని ఇంట్లోనే ముగించుకోవాలి. గన్ బరువుగా ఉంటుంది. సగం దూరి వదిలేస్తే కారు, చార్జర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక చార్జింగ్ మొదలుకాదు. గట్టిగా లోపలికి నొక్కి, లాక్ పడేదాకా చేత్తో పట్టుకోవాలి. మొదలయ్యాక రెండు నిమిషాలు అక్కడే నిలబడి తెర మీద కిలోవాట్లు చూడాలి. ఉండాల్సిన దానికన్నా మరీ తక్కువగా ఉంటే ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, లేదా పక్క గన్‌కు మారడం అప్పుడే తేలిక.

కారు యజమాని చేయగలిగింది ఇంతవరకే. మిగతాది రోడ్డు పక్కన కరెంటు ఎంత ఉందన్న దాని మీద ఆధారపడింది.

120 కిలోవాట్ల చార్జర్ ఒక్కటి పూర్తి సత్తాతో నడిస్తే, 5 హార్స్‌పవర్ వ్యవసాయ మోటార్లు 32 ఒకేసారి ఆన్ చేసినంత లోడు. పల్లెల్లో మనం రోజూ చూసే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయలేదు. అంటే ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ పెట్టడమంటే బీరువా లాంటి యంత్రాన్ని తెచ్చి నిలబెట్టడం ఒక్కటే కాదు; దానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్, హైటెన్షన్ లైను, డిస్కం అనుమతి, వీటన్నిటికీ ముందుగా పెట్టుబడి కావాలి. రోజుకు నాలుగు కార్లు వచ్చేచోట ఆ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే చాలామంది చిన్న చార్జర్‌తో మొదలుపెడతారు.

మనదేశం ఈ దారిలో నడిచింది తక్కువ కాలమే. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరు 14న మార్గదర్శకాలు ఇచ్చి, చార్జింగ్ స్టేషన్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. నగరాల్లో 3 కిలోమీటర్ల గడికి ఒకటి, రహదారుల మీద రెండు వైపులా 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలని లక్ష్యం పెట్టింది. ఆ రోజుల్లో రోడ్డు మీదున్న కొద్దిపాటి ప్రభుత్వ ఎలక్ట్రిక్ కార్లకు 15 కిలోవాట్ల భారత్ డీసీ-001 చార్జరే ఫాస్ట్ చార్జర్. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం మొత్తం 10,900 కోట్ల రూపాయల్లో 2,000 కోట్లను చార్జింగ్ స్టేషన్లకు కేటాయించింది. నాలుగు చక్రాల బండ్లకు 22,100 ఫాస్ట్ చార్జర్లు పెట్టించాలన్నది అందులోని లక్ష్యం. తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా రోడ్డు పన్ను మినహాయించింది. కార్లు పెరుగుతాయి, పెరుగుతున్నాయి. చార్జర్ల సంఖ్యతోపాటు వాటి జోరు, అవి నిజంగా పనిచేసే రోజులు పెరగకపోతే ప్రతి పండగకూ వరుసలు పొడుగవుతాయి.

స్టేషన్లు నడిపేవాళ్ళు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. బోర్డు మీద మొత్తం కిలోవాట్లతోపాటు, రెండు గన్లూ వాడుతున్నప్పుడు ఒక్కో గన్‌కు ఎంత వస్తుందో, గన్ గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో రాయాలి. ఆ క్షణంలో ఖాళీగా ఉన్న గన్ నుంచి ఎన్ని కిలోవాట్లు వస్తాయో యాప్‌లో చూపించాలి. పెట్రోలు బంకులో లీటరు కొలత కళ్ళముందు కనబడాలని అడిగే హక్కు వినియోగదారుడికి ఎలా ఉందో, దీన్ని అడిగే హక్కూ అలాగే ఉంది. నిబంధనలు రాసే ప్రభుత్వాలు దీన్ని తప్పనిసరి చేయాలి.

ఈలోగా కారున్నవాళ్ళు ఈ రాత్రే చేయదగ్గ పని ఒకటుంది. గ్లవ్ బాక్స్‌లోని మాన్యువల్ తీసి, మీ కారు డీసీ చార్జింగ్‌లో గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుందో చూడండి. ఆ అంకెను ఫోన్‌లో రాసుకోండి. ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు తెర మీద కనిపించే అంకెను దాని పక్కన పెట్టి చూడండి. వెనక ఇంకో కారు ఎదురుచూస్తుంటే, 80 శాతం దగ్గర గన్ తీసి వాళ్ళ చేతికి ఇవ్వండి.